చుక్కమ్మ కేక, బుచ్చితోక హుప్పు

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కనున్న నేరేడు చెట్ల మీద బుచ్చితోక అనే కొండముచ్చు ఉండేవాడు. అతనికి అబద్ధమాడడం చేతకాదు. అందుకే తన తోకంత అందమైన తోక అడవిలోనే లేదని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఉన్నదున్నట్టు చెప్పేవాడు. విశ్వాసం కూడా ఎక్కువే. లేవగానే తోకకో దండం, గొంతుకో దండం, చెట్టుకో దండం పెట్టేవాడు. ఆ గొంతు మామూలుది కాదు మరి. అతను "హుప్" అంటే వాగు అవతలికి వినబడేది.

చెట్ల కింద దుప్పులు ఉండేవి. కొండముచ్చులు సగం కొరికి పారేసే ఆకులే వాటికి మేత. చిరుత వాసన తగిలితే దుప్పులే ముందు అరిచేవి. ఆ అరుపు విని కొండముచ్చులు పిల్లలతో పైకొమ్మకు ఎక్కేసేవి. తాతల నాటి నుంచీ అంతే. ఆ అరుపుకు మాత్రం దండం పెట్టాలని బుచ్చితోకకు ఎన్నడూ తోచలేదు.

కొండముచ్చులకు ఒక దండు ఉండేది. పేరు 'మన చెట్టు దండు'. "చెట్టు మీద పుట్టినవాళ్లదే చెట్టు, దాని నీడ కూడా. తక్కినవాళ్లు పరాయివాళ్లు" అనేది దాని మాట. నాయకుడు గండోజి. నాయకుడు ఏదంటే దానికి ముందుగా హుప్ అనేది బుచ్చితోక. మిగతావాళ్లు అందుకునేవారు.

ఆ ఏడు కస్సన్న అనే కుర్ర కొండముచ్చు గండోజి పదవికి ఎసరు పెట్టాడు.

"గండోజి మామ మెత్తబడ్డాడు. పరాయివాళ్లు మన నీడలో పడుకుంటే చూస్తూ కూర్చున్నాడు" అన్నాడు.

ఇద్దరు పోటీ పడితే మూడు పొద్దులు కొమ్మెక్కి మాట్లాడాలని దండు ఆచారం. మూడో పొద్దున ఎవరి మాటకు హుప్ గట్టిగా మోగితే వాళ్లదే పదవి.

మొదటి పొద్దున గండోజి అన్నాడు: "నేను మెత్తబడ్డానా? ఇవాళ్టి నుంచి దుప్పులు నీడలో పడుకోకూడదు."

బుచ్చితోక హుప్ అన్నాడు.

"పడుకోవడమేంటి మామా, నిలబడనూ కూడదు" అన్నాడు కస్సన్న.

దానికీ హుప్ అన్నాడు. దుప్పులు ఎండలోకి జరిగాయి.

రెండో పొద్దున కస్సన్న అన్నాడు: "మన ఆకు ఒక్కటి కూడా పరాయి నోట్లో పడకూడదు."

గండోజి తగ్గుతాడా? "తొడిమ కూడా పడకూడదు" అన్నాడు.

ఆ రోజంతా కొండముచ్చులు ముదురాకులూ తొడిమలూ నమిలి మింగాయి. సాయంత్రానికి అందరికీ కడుపునొప్పి. బుచ్చితోక మింగలేని ఎంగిలాకులు కింద పడకుండా చంకలో పెట్టుకుని మూలుగుతున్నాడు.

"ఇంతకీ నువ్వు ఎవరి పక్షమయ్యా?" అని అడిగింది భార్య ఊదమ్మ.

"ఇద్దరి పక్షమూనే. ఉన్నది ఒక్క గొంతు. ఎవరికని కాదంటాను?"

"ఆ గొంతుతోనే ఒకసారి వద్దని అనొచ్చుగా."

"వద్దు అంటే అంత బాగా మోగదే."

తినడానికి ఆకు లేక దుప్పులు వాగు దాటి వెళ్లిపోయాయి. వెళ్తూ వెళ్తూ ముసలి దుప్పి చుక్కమ్మ తల పైకెత్తింది. "బుచ్చీ, పిల్ల జాగ్రత్త నాయనా" అంది. బుచ్చితోక తోక సవరించుకుంటూ వినబడనట్టు కూర్చున్నాడు.

మూడో పొద్దు వచ్చింది. దండంతా కొమ్మల మీద కిక్కిరిసింది. బుచ్చితోక కూతురు మినుకు మాత్రం కింద ఉప్పుమన్ను నాకుతోంది.

"ఇకమీదట దుప్పి అరుపు విని చెట్టెక్కేవాడు ద్రోహి" అన్నాడు గండోజి.

"విన్నానన్నవాడూ ద్రోహే. వాడికి వెలి" అన్నాడు కస్సన్న. "బుచ్చి బావా, ఇక నీదే ఆలస్యం. ఎవరికంటావో అను."

అందరూ బుచ్చితోక నోటి వంకే చూస్తున్నారు. అతను గుండెల నిండా గాలి పీల్చాడు.

అప్పుడు వాగు అవతల నుంచి చుక్కమ్మ అరిచింది. మళ్లీ అరిచింది. అందరికీ వినబడింది. ఒక్కరూ కదిలినట్టు కనబడలేదు. మూడోసారి అరిచింది.

బుచ్చితోక కిందికి చూశాడు. గాలి అప్పుడే ఆగిపోయింది. అయినా మినుకు వెనక గడ్డి కదులుతోంది.

"నేను విన్నాను" అని అరిచాడు. "చుక్కమ్మ అరిచింది. చిరుత. మినుకూ, ఎక్కు తల్లీ."

అరుస్తూనే అడుగుకొమ్మకు దూకి తోక కిందికి వదిలాడు. మినుకు దాన్ని పట్టుకుని పైకి పాకింది. చిరుత పంజా విసిరింది. పిల్ల దక్కింది. తోక చివరి కుచ్చు పోయింది.

చిరుత వెళ్లిపోయాక దండు నాయకుల కోసం వెతికింది. ఇద్దరూ చిటారుకొమ్మ మీద ఒకరినొకరు కావలించుకుని ఉన్నారు. చుక్కమ్మ మొదటి కేకకే ఎక్కేశారట.

"మరి వీళ్లకు వెలి లేదా?" అంది ఊదమ్మ. దండు పగలబడి నవ్వింది. ఆ పూట ఎవరికీ హుప్ పడలేదు.

బుచ్చితోక చేతినిండా లేత చిగుళ్లు కోసుకుని వాగు దాటాడు.

"అత్తా, వెళ్లగొట్టినవాళ్ల కోసం ఎందుకు అరిచావు?"

"వాసన వచ్చింది, అరిచాను. అందులో ఆలోచించడానికేముంది?" అంది చుక్కమ్మ, చిగురు నములుతూ. "తోకకేమైంది నాయనా?"

"తేలికైంది" అన్నాడు బుచ్చితోక. వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. ఆ సాయంత్రమే దుప్పులు నీడకు తిరిగొచ్చాయి.

ఇప్పుడు బుచ్చితోక మొదటి దండం చుక్కమ్మకే పెడతాడు. కానీ పదిమంది ఒక్కసారి హుప్ అంటే, ఎందుకో తెలియకముందే అతని గొంతు ఇప్పటికీ కదులుతుంది. దాన్ని ఆపుకోవడం ఇంకా రాలేదు. అందుకని నోట్లో ఒక ఆకు కుక్కుకుంటాడు.

నీతి: ఎవరినైనా వెళ్లగొట్టమని నాయకుడు అడిగినప్పుడు, హుప్ అనేముందు వాళ్లు మనకు చేసిన మేలు తలచుకోవాలి.