లక్కబొమ్మల కడుపులో ఏముంది?

దేవరమెట్టలో లక్కబొమ్మలు చేసే బంగారయ్య, అతని తమ్ముడు సన్యాసి, వాళ్ళమ్మ పైడితల్లి ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. అడిగినవాళ్ళకీ చెప్పేవాళ్ళు, అడగనివాళ్ళకీ చెప్పేవాళ్ళు.

స్పెయిన్ నుంచి ఒకావిడ బొమ్మలు చూడ్డానికి వస్తోందని కబురొచ్చింది. నచ్చితే ఇంట్లో ఉన్న మూడొందల బొమ్మలూ ఆవిడే కొంటుంది. నచ్చకపోతే వీళ్ళింట పొయ్యి వెలగదు. పక్కింటి కూర్మనాథం మాస్టారు జాలిపడి, ఆవిడ భాషలో ఒక మాట నేర్పాడు.

"కురియోసిదాద్. అంటే కుతూహలం. ఏదైనా కనిపిస్తే లోపల ఏముందో చూడాలనిపిస్తుందే, అదన్నమాట. మీ కురియోసిదాద్ చూపించండి, ఆవిడ మురిసిపోతుంది."

"మాకు ఒక్కపాలి సెప్తే సాలు మాస్టారూ," అన్నాడు బంగారయ్య మీసం దువ్వుతూ.

ఇంకేముంది, సాధన మొదలైంది. "కురియోసిదాద్!" అని అరిచి సన్యాసి దిండు చింపాడు. ఇల్లంతా దూది. పైడితల్లి అదే కేక పెట్టి, కోడి పొదుగుతున్న గుడ్లన్నీ పగలగొట్టింది. కోడి ఇల్లు విడిచిపోయింది. దానికైనా కాస్త బుద్ధుంది.

మర్నాడు ఆవిడ రానే వచ్చింది. ముగ్గురూ గుమ్మంలోనే "కురియోసిదాద్!" అన్నారు. ఆవిడ నిజంగానే మురిసిపోయింది. అంతే! ఆవిడ సంచీ బోర్లించారు, గొడుగు కుట్లు విప్పారు. పాపం, ఆవిడ ఓర్చుకుని బొమ్మలు చూపించమని సైగ చేసింది.

బంగారయ్యకి అప్పుడొచ్చింది అనుమానం. "ఒరే సన్యాసీ, ఈటి నోపల ఏటుందో మనం ఎప్పుడైనా సూశామేట్రా?"

చూడలేదు! అంకుడు కర్ర తెచ్చింది వీళ్ళే, చెక్కింది వీళ్ళే, లక్క పూసింది వీళ్ళే. అయినా చూడలేదట! రంపం తీశారు. ఒక్కో బొమ్మనీ నిలువునా కోస్తూ, "ఇందులోనూ కర్రేరా!" అని ఆశ్చర్యపోయారు. పదో బొమ్మ దగ్గర ఆవిడ కారెక్కి వెళ్ళిపోయింది. ఆ సంగతి వీళ్ళకి మూడొందలో బొమ్మ కోశాక తెలిసింది.

మాస్టారు పరుగున వచ్చి నెత్తి బాదుకున్నాడు. "నోటి దగ్గర కూడు నేలపాలు చేశారు కదరా! అసలు మీ బుర్రల్లో ఏముందిరా?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. సన్యాసి రంపం ముందు బుద్ధిగా తల వంచి కూర్చున్నాడు.

"లెగరా ఎర్రిమొకమా!" అని కసిరింది పైడితల్లి. "మన బుర్రలు ఇంట్లో ఉన్నియే, ఎప్పుడైనా సూసుకోవచ్చు. మాస్టారిది మల్లీ దొరకదు. పట్టుకోండ్రా!"

మాస్టారు పంచె ఎగ్గట్టి వీధిలో పడ్డాడు. వెనకే రంపంతో ముగ్గురూ, "కురియోసిదాద్! కురియోసిదాద్!" అని అరుచుకుంటూ.