జగ్గడు కంప వేసిన డొంక

గుట్ట మీద జంతువుల పాక, గుట్ట కింద వాగు, మధ్యలో ఒకటే డొంక దారి. గంగులు అనే ఎద్దు రోజూ ఆ డొంకలోనే నీళ్ల బండి లాగాలి. లాగకపోతే పైనున్న దూడలకు గొంతు తడవదు.

ఒకసారి ఆ డొంకలోంచి నక్క దూరి కోడిపిల్లను ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి కాపలా కుక్క జగ్గడికి కంటి మీద కునుకు లేదు. తుమ్మకంప తెచ్చి డొంకకు రెండు వైపులా కంచె వేశాడు. నక్క మళ్లీ రాలేదు గానీ, కంచె మాత్రం రోజుకింత లోపలికి పెరుగుతూనే ఉంది.

"ఇంకా ఎందుకురా జగ్గా? చక్రాలు రాసుకుంటున్నాయి," అన్నాడు గంగులు.

"ఆ నక్క వస్తూనే ఉంది మావా! పొద్దున్నే చూస్తే ముళ్లకు వెంట్రుకలు. నా కంఠంలో ప్రాణం ఉండగా రానిస్తానా?"

ఇంకో మోపు కంప పడింది. కాపలావాడితో పేచీ పెట్టుకుంటే దూడలకేమవుతుందోనని గంగులు ఇంకాస్త వంగి బండి లాగాడు.

నెల తిరిగేసరికి గంగులు మూపు ఉబ్బింది. "మావకు బలం వచ్చింది!" అని దూడలు మురిశాయి. అది బలం కాదని గంగులుకు తెలుసు. నాలుగడుగులకే ఊపిరి అందడం లేదు, కాళ్లు వాస్తున్నాయి. రేపు బండి మధ్యలో ఆగిపోతే? ఆ దిగులుతో మేత కూడా దిగడం లేదు.

మేక నీలక్క అది కనిపెట్టింది. ముల్లుకు చిక్కిన వెంట్రుకను వాసన చూసి, ఏమీ ఎరగనట్టు జగ్గడి దగ్గరికెళ్లింది.

"జగ్గన్నా, నీ వాసన దొంగ పసిగడుతున్నాడు. ఎర్రమట్టిలో పొర్లి కంప వెయ్యి, ఇట్టే దొరుకుతాడు."

జగ్గడు ఒళ్లంతా ఎర్రమట్టి పూసుకుని, ముళ్లలో దూరి దూరి కంప సర్దాడు. మర్నాడు నీలక్క అందరినీ పిలిచింది. ముళ్ల నిండా కొత్త వెంట్రుకలు. అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"నక్క కూడా ఎర్రమట్టిలో పొర్లిందా అన్నా?"

జగ్గడు వెంట్రుకను చూశాడు, తన ఒళ్లు చూసుకున్నాడు. తోక కాళ్ల మధ్యకు పోయింది.

"అయితే ఇన్నాళ్లూ నేను తరిమింది నన్నేనా?"

"నిన్ను నువ్వు తరుముకున్నావు. నలిగింది మావ."

జగ్గడు అప్పుడే కంప పీకడం మొదలుపెట్టాడు. పైపైది వచ్చింది. అడుగుది మట్టిలో కూరుకుపోయి బిగుసుకుంది, ఎంత లాగినా కదల్లేదు. గంగులు సగం నీళ్లతోనే, మధ్య మధ్య ఆగుతూ గుట్ట ఎక్కాడు. దూడలు తాగాయి. పక్కనే జగ్గడు మావ ఊపిరిని వింటూ నడిచాడు. ఈసారి అతని భయం నక్క గురించి కాదు.

మన ఒంట్లోనూ ఇంతే: ఒంటిని కాచే రక్షణ వ్యవస్థ సొంత కణాలనే దొంగలనుకుంటే, కొందరికి ఊపిరితిత్తుల్లో నెత్తురు దారులు ఇరుకైపోతాయి, ఆ బరువు లాగలేక నలిగేది గుండె.