చెవిలో చెప్పిన మాటలు

సంత జరిగే ఆ ఊళ్ళో వార్త చెప్పేది ఒక్క టముకాయనే. పొద్దున్నే అంగడి వీధులు తిరిగి, కొట్టు కొట్టు దగ్గరా ఆగి నాలుగు మాటలు వినేవాడు. ఎండెక్కాక సంత మధ్యనున్న అరుగెక్కి టముకు వాయించేవాడు. ఎవరి గేదె తప్పిపోయిందో, ఏ వీధి కుళాయికి నీళ్ళు రావో, వంతెన మీద బళ్ళు ఎందుకు ఆపారో, ఎవరింట్లో పెళ్ళో ఆ నోటి వెంట వినాల్సిందే.

ఒక వానాకాలంలో ఆయన మంచం పట్టాడు. జ్వరం తగ్గి మళ్ళీ అరుగెక్కిన రోజున టముకు వాయించి, "ఇవాళ ఊళ్ళో విశేషాలేం లేవహో!" అని దిగిపోయాడు.

ఆ రోజు జనం నవ్వుకున్నారు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే.

"ఇంత ఊళ్ళో ఏమీ జరక్కపోవడమేంటి?" అన్నాడు బట్టల కొట్టాయన. "ఏదో జరిగింది. చెప్పొద్దని ఎవరో ఆయన నోరు మూయించారు."

సాయంత్రానికి ఊరంతా అదే మాట. ఏం జరిగిందన్నది ఎవరూ అడగలేదు. మూయించిందెవరన్నదే అందరి ఆరా. అంతవరకూ తలుపులు బార్లా తీసి పడుకునే ఊరు గడియలు వేసుకోవడం మొదలెట్టింది.

గాజులామె కొట్టుకీ గానుగాయన కొట్టుకీ మధ్య ఒక్క తడికే అడ్డం. ఆమె మొగుడు చనిపోయాక ఆమె పిల్లలు గానుగాయన ఇంట్లోనే తిని పెరిగారు. ఆమె ఆయన్ని నోరారా "అన్నా" అని పిలిచేది. ఒకరోజు టముకాయన పెళ్ళాం గానుగ దగ్గరికొచ్చి చిన్న గిన్నెతో నూనె పట్టుకెళ్ళడం ఆమె తడిక సందులోంచి చూసింది. గానుగాయన డబ్బులు తీసుకోలేదు.

'ఊరికే ఎవరిస్తారు?' అనుకుంది గాజులామె. 'ఈయన నూనెలో ఏదో కలుపుతున్నాడు. అది టముకాయన కంటబడింది.'

అనుకున్నది లోపల నిలవలేదు. టముకాయన ఒంటరిగా దొరికినప్పుడు ఆయన చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగింది. "తాతా, మా పక్క కొట్టు నూనెలో కల్తీ ఉంది కదూ?"

టముకాయన ఆమె మొహంకేసి చూసి, మెల్లిగా తలాడించాడు.

ఇంకేం కావాలి? ఆమె పక్కింటికి చెప్పింది. పక్కిల్లు ఎదురింటికి చెప్పింది. గానుగ దగ్గరికి వచ్చే సీసాలు తగ్గిపోయాయి. ఎద్దు తిరుగుతూనే ఉంది, నూనె కుండల్లోనే ఉండిపోతోంది. కారణమెవరో గానుగాయనకి తెలియలేదు కానీ, గాజులామె తనకేసి చూడటం మానేసిందని మాత్రం తెలిసింది. ఆయనా వెళ్ళి టముకాయన చెవిలో అడిగాడు. "నా మీద ఈ మాట పుట్టించింది ఆ గాజులమ్మే కదూ? పాత గాజులకి రంగేసి కొత్తవని అమ్మే మనిషి!"

టముకాయన దానికీ తలాడించాడు.

ఆ తరవాత జనం ఒకరి కంటపడకుండా ఒకరు వెళ్ళి ఆయన చెవిలో చెప్పసాగారు. తోడికోడలి మీద ఒకరు, పొలం గట్టు పక్కవాడి మీద మరొకరు. ఆయన అందరికీ తలాడించాడు. అందరూ నిజం దొరికిందనుకుని ఇంటికెళ్ళారు.

ఆఖరికి సంత పెద్ద అరుగు దగ్గర పంచాయితీ పెట్టాడు. గానుగ మూయించాలని పట్టుబట్టినవాళ్ళే ఎక్కువ. సంత పెద్ద టముకాయన్ని ముందుకు పిలిచాడు.

"ఏమయ్యా, నూనెలో కల్తీ ఉందా?"

టముకాయన తలాడించాడు. గానుగాయన పెళ్ళాం నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఆగండయ్యా!" అంటూ టముకాయన పెళ్ళాం జనాన్ని తోసుకుని వచ్చింది. వచ్చి మొగుడి వెనక నిలబడింది. మామూలు గొంతుతో, "మనిల్లు తగలబడుతోందయ్యా," అంది.

ఆయన తిరగలేదు. సంత పెద్దకేసే చూస్తూ, అదే మర్యాదతో మరోసారి తలాడించాడు.

"జ్వరంతో చెవులు పోయాయి, అరిస్తే తప్ప వినపడదు," అందామె. "ఆ అన్న దగ్గర తెచ్చిన నూనె చెవుల్లో పోయడానికే. ఒంటినొప్పులకని చెప్పి తెచ్చాను. నిజం తెలిస్తే టముకు లాక్కుంటారని భయపడ్డాం."

అప్పుడామె ఆయన చెవికి నోరు ఆనించి, జరిగినదంతా అరిచి చెప్పింది. వింటున్నకొద్దీ ఆయన మొహం మారిపోయింది.

"తప్పు నాదే," అన్నాడు. "కష్టసుఖాలు చెప్పుకుంటున్నారనుకుని తలాడించాను. ఒక్క మాటా చెవికెక్కలేదు. ఇప్పుడు చెప్పండి, గట్టిగా చెప్పండి. చెప్పింది చెప్పినట్టు చాటింపు వేస్తాను."

టముకు మెడలో వేసుకుని నిలబడ్డాడు.

బట్టల కొట్టాయన మెల్లిగా గుంపు వెనక్కి జరిగాడు. వెనక్కి జరిగేవాళ్ళు అప్పటికే చాలామంది ఉన్నారు. సంత పెద్దకి ఏదో పని గుర్తొచ్చింది.

గాజులామె మాత్రం వెనక్కి జరగలేదు. తల వంచుకునే అరుగు దగ్గరికి నడిచింది.

"అన్న నూనెలో కల్తీ ఉందని చెప్పాను," అంది.

టముకాయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "గట్టిగా, తల్లీ."

ఆమె అరిచి చెప్పింది. ఆ మాట అంత గట్టిగా తన చెవినే పడేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మళ్ళీ అరిచింది. "నేను చూళ్ళేదు తాతా! కలపడం నేను చూళ్ళేదు!"

టముకు మోగింది. "గాజులామె చూళ్ళేదహో!"

చాటింపు వేసి ఆయన సంతంతా కలయజూశాడు. "తరవాత ఎవరు?"

"రంగేసిన గాజుల మాట నాది," అంటూ గానుగాయన కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చాడు. ఆయన వెనక వరసలో ఎవరూ లేరు.