గుర్రాల తొట్టి సెంటర్‌లో నక్క రూలు

ఏ ఊరో అడక్కండి, చెబితే పక్క ఊరివాళ్లు కూడా మాదే అంటారు. ఆ ఊరి నడిబొడ్డున గుర్రాల తొట్టి సెంటర్ ఉంది. గుర్రాలు మాత్రం లేవు. నూరేళ్ల కిందట అక్కడ జట్కాబళ్లు ఆగేవి, గుర్రాలు నీళ్లు తాగడానికి రాతి తొట్టి కట్టించారు. జట్కాలు పోయి రిక్షాలొచ్చాయి, రిక్షాలు పోయి ఆటోలొచ్చాయి. నాటకాల పాక సినిమా హాలయింది, ఆ హాలూ పోయి బట్టల షాపయింది. పెంకుటంగళ్లున్న చోట ఫ్లైఓవర్ స్తంభాలు లేచాయి. తొట్టీ, అందులోకి నీళ్లు పడే కుళాయీ, దాని పేరూ మాత్రం అలాగే ఉన్నాయి.

ఇదంతా పోలమ్మకు వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకు అమ్మమ్మ చెప్పింది. పోలమ్మంటే లారీ దూరని సందుల్లోకి ఇసుక మోసే గాడిద. మే నెల ఎండలో ఆరు ట్రిప్పులు వేశాక ఆ తొట్టే ఆమెకు ప్రాణం. చుట్టుపక్కల ఇంకెక్కడా చుక్క దొరకదు.

ఒక మధ్యాహ్నం నాలుక పిడచగట్టుకుపోయి వచ్చేసరికి, తొట్టిలో మెడదాకా మునిగి నక్క కూర్చుని ఉంది. ఊరి చివర తుమ్మతోపు కొట్టేసి ప్లాట్లు వేస్తే, వారం కిందటే ఊళ్లోకి దిగిన నక్క. పక్కనే ఇనప చువ్వల బండి లాగే ఎద్దు బసవయ్య నోరెండిపోయి నిలబడ్డాడు.

"ఏం బసవన్నా, తాగవేం?"

"తాగకూడదంట పోలమ్మా. బోర్డు చూపిస్తన్నాడు."

నక్క ముందుకాలెత్తి, కొత్తగా రంగేసిన బోర్డు చూపించింది. "చదువుకో. గు-ర్రా-ల తొట్టి. నువ్వు గుర్రానివా?"

"కాదు."

"పోనీ ఆ ఎద్దు?"

"కాదులే."

"మరింకేం? పేరు ఎవరిదో చోటు వాళ్లది. అది రూలు. గుర్రాలొచ్చేదాకా వాటి తరపున కాపలా నాది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

"గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన! వెళ్లెళ్లు."

బసవయ్య పోలమ్మ చెవిలో గొణిగాడు. "ఊరుకోవే తల్లీ. పోయినేడు బోర్డు మీది మాట కాదన్నానని నన్ను మూడు రోజులు బందెలదొడ్డిలో పడేశారు. బోర్డులతో మనకొద్దు."

పోలమ్మకు కడుపు మండింది. ఇంకా నాలుగు ట్రిప్పులున్నాయి. నీళ్లు పడకపోతే రెండో ట్రిప్పులోనే కూలబడుతుందని ఆమెకు తెలుసు. ఒక్క తన్ను తన్నొచ్చు, అందులో గాడిదకు సాటెవరు? కానీ తన్నులు తిన్న నక్క రేపు మళ్లీ వస్తుంది, దాంతోపాటు రూలూ వస్తుంది. అందుకని కోపం దిగమింగి గొంతు తియ్యగా చేసుకుంది.

"అయితే తమరు ఈ సెంటర్‌కి పాతకాపులన్నమాట. వారం కిందటే దిగారని ఎవరో అంటే నేను నమ్మలేదులెండి."

ఆ మాట నక్కకు గుచ్చుకుంది. "ఎవడా కూసింది? మా తాతముత్తాతలు ఇక్కడివాళ్లే! నేను పుట్టిందీ పెరిగిందీ..." అని కాస్త తడబడింది. రోజూ ఆటోవాళ్లు అరిచే పేరొకటి నోటికొచ్చింది. "కుక్కల దొడ్డి సందులోనే! ఇప్పటికీ నా పడక అక్కడే. బట్టల షాపు వెనక, అట్టపెట్టెల మీద. రాజభోగం!"

"ఏ సందండీ? చెవులు ఇంత పొడుగున్నాయి గానీ వినబడి చావదు."

"కుక్కల దొడ్డీ!" అని నక్క గొంతు చించుకుంది.

ఫ్లైఓవర్ నీడన పడుకున్న కుక్కలు చెవులు నిక్కబొడిచాయి. వెనకటికి మునిసిపాలిటీవాళ్లు వీధికుక్కల్ని పట్టి కట్టేసిన చోటే ఆ కుక్కల దొడ్డి. ఇప్పుడక్కడ కుక్కా లేదు, దొడ్డీ లేదు, పేరుంది. కుక్కల పెద్ద కర్రోడు ఒళ్లు విరుచుకుంటూ వచ్చాడు.

"అత్తా, ఏదో రూలంటన్నారు?"

"పేరు ఎవరిదో చోటు వాళ్లదంట అల్లుడూ. ఈయనే సెలవిచ్చారు."

"అంటే ఆ దొడ్డి సందు మాదా? ఆ అట్టపెట్టెలు కూడా?"

"కూడానూ."

"మరి మా పడక మీద ఈయన ఎవరి తరపున పడుకుంటన్నాడు?"

నక్కకు చల్లటి నీళ్లలోనే చెమటలు పట్టాయి. "అది పాత పేరు బాబూ! ఇప్పుడక్కడ కుక్కలేవీ? ఎప్పటిదో పేరు పట్టుకుంటే ఎలా?"

"ఇప్పుడిక్కడ గుర్రాలేవీ?" అంది పోలమ్మ.

నోరా వీపుకు తేకే అన్నది ఊరికే కాదు. నక్క తొట్టిలోంచి ఒక్క దూకు దూకింది, వెనక ఆరు కుక్కలు. పండ్లబళ్ల కిందుగా, ఆటోల మధ్యగా బైపాస్ దాటేదాకా తరిమాయి.

"ఇవాళ నక్కను తొక్కి వచ్చావు పోలమ్మా!" అన్నాడు బసవయ్య నవ్వుతూ.

"తొక్కేది వాళ్లులే అన్నా, నన్ను తాగనీ."

కుళాయి ధార కింద మూతి పెట్టి పోలమ్మ కడుపారా తాగింది. గొంతులోంచి నీళ్లు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. నాలుగు ట్రిప్పులేం ఖర్మ, ఎనిమిదైనా వేస్తాననిపించింది. అమ్మయ్య అని తలెత్తి, బసవయ్యకు చోటిచ్చింది.

పాత పేరు పట్టుకుని పక్కవాడి నోరు కట్టబోయేవాడు, తాను పడుకున్న చోటికీ ఒక పాత పేరుంటుందని మరిచిపోకూడదు.