తాడు కట్టి దించిన బొండాలు

సూరన్న మాస్టారిని ఏదైనా అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకునేవారు. జవాబు కూర్చున్న చోట దొరకదని ఆయన నమ్మకం. నా అరవయ్యో ఏట ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకుంటూ, బండి ఱకి ఆ పేరెందుకొచ్చిందని నేనడిగితే, పలక పక్కన పెట్టించి, రెండు వీధులవతల ఉన్న ఎడ్లబండి దాకా నడిపించారు. చూడమన్నారు. చూశాను. అంతే, మళ్ళీ ఇంటికొచ్చి దిద్దించారు.

ఆ రోజు అడిగింది సత్యవేణి, ఆ సంగతి తరవాత తనే నాకు చెప్పింది. ఒకప్పుడు జిల్లా తరఫున చెడుగుడు ఆడిన పిల్ల, ఆయన చేతికిందే పెరిగింది. ఇప్పుడు పదేళ్ళలోపు పిల్లలకి తనే ఆట నేర్పుతోంది. ఆ వచ్చే ఆదివారం మా ఊరి తీర్థంలో మొట్టమొదటిసారి చిన్నపిల్లల జట్లకీ పందెం పెట్టారు. సత్యవేణి జట్టుకి ప్రాణమంతా ఆమె కూతురు సంధ్యే, ఎనిమిదేళ్ళది. ముందురోజు సాయంత్రం కూతకెళ్ళిన సంధ్యని నలుగురు పిల్లలు కలిసి పట్టి వెల్లకిలా పడేశారు. తల వెనక భాగం నేలకి కొట్టుకుంది.

"లేచింది మాస్టారూ. నవ్వింది. మళ్ళీ కూతకెళ్ళింది. బొప్పి కూడా కట్టలేదు. అయినా నా మనసు మనసులో లేదు. ఇంత చిన్నవాళ్ళ చేత పట్లు పట్టించొచ్చా, కూడదా?"

కూడదంటే తన జట్టు పోతుంది, ఊళ్ళో మాట పోతుంది. అదంతా తెలిసే అడిగింది. ఎంత గుండె ఉండాలి! మాస్టారు ఆమె వంక ఓసారి చూసి, చెప్పుల కోసం వెతుక్కున్నారు.

ఇద్దరూ వచ్చింది మేము కాయలు దింపు తీస్తున్న కొబ్బరితోటకే. దింపు తీసే ఏడుకొండలు చెట్టు మీదున్నాడు. ముదురు కాయల్ని కత్తితో కొట్టి కిందకి వదిలేస్తున్నాడు, ధభీ ధభీమని పడుతున్నాయి. తరవాత బొండాల చెట్టెక్కాడు. గెలకి తాడు కట్టి, మట్ట మీదుగా కొంచెం కొంచెంగా వదులుతూ, పసిబిడ్డని ఉయ్యాల్లోంచి దించినట్టు దించాడు. కింద గెల విప్పే పని నాది.

మాస్టారు తలెత్తి అరిచారు. "ఏడుకొండలూ, ఈ తాడు గొడవేంటయ్యా? ఇందాకటి వాటిలా వీటినీ వదిలెయ్, తొందరగా అయిపోతుంది!"

"మాస్టారికి ఎండ తగిలినట్టుంది, నీడకి తీసుకెళ్ళు పెద్దమ్మా!" అన్నాడు పైనుంచి.

"సరదాకి రెండే రెండు వదులు. గడ్డి ఉన్న వైపు."

వాడు గొణుక్కుంటూనే రెండు వదిలాడు. గడ్డిలో పడి, ఒకటి కాస్త ఎగిరి దొర్లింది. సత్యవేణి రెండూ తెచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది. గీత లేదు, గాటు లేదు. చెట్టు మీద ఎంత పచ్చగా ఉన్నాయో అంత పచ్చగానూ ఉన్నాయి.

మాస్టారు నావైపు చూశారు. నేను మొదటిది చెక్కాను. నిండుగా నీళ్ళు. సత్యవేణి మొహం వెలిగిపోయింది. "చూశారా మాస్టారూ, ఏమీ కాలేదు!" అంది. ఆయనకీ సంతోషమే అయినట్టుంది. సగం తాగి సగం ఆమెకిచ్చారు.

రెండోది చెక్కాను. రెండు వేట్లకే పీచు తడితడిగా తగిలింది. ఇంకా లోపలికి వెళ్తే, లేత టెంక మీద వెంట్రుకంత చీలిక. నీళ్ళన్నీ పీచులోకి ఇంకిపోయి, అడుగున గుక్కెడు మిగిలాయి. సత్యవేణి ఆ కాయని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఏడుకొండలు అప్పటికి కిందకి దిగి, చెమట తుడుచుకుంటున్నాడు.

"అన్నీ పగలవండి, ఆయ్. ఏది నిలిచిందో, ఏది పగిలిందో చెక్కేదాకా తెలీదు. అందుకే తాడు" అన్నాడు. మాస్టారి కోసం చెప్పలేదు ఆ మాట. వాడి పని సంగతి వాడు చెప్పాడు.

మాస్టారు ఏమైనా అంటారని నేను చూశాను. ఆయనేమో ఆమెని ఒంటరిగా వదిలి, నాతో కొబ్బరి ధర మాట్లాడుతూ కూర్చున్నారు. ఆయనలో నాకు వింతగా తోచేది అదే. చెప్పగలిగీ చెప్పకుండా ఉండటం.

ఆ సాయంత్రమే సత్యవేణి కూతుర్ని డాక్టరుకి చూపించింది. భయం లేదుగానీ కొన్నాళ్ళు ఆట వద్దన్నాడట. తరవాత మిగతా మూడు జట్లు నడిపేవాళ్ళ ఇళ్ళకీ తిరిగింది. పిల్లలు నడుం వెనక చేతిరుమాలు దోపుకోవాలి. కూతకొచ్చిన పిల్ల నడుం నుంచి రుమాలు లాగేస్తే చాలు, ఆ పిల్ల అవుటు. పట్టు లేదు, తోపు లేదు. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడోవాళ్ళు, "చెడుగుడా, పేరంటమా?" అని నవ్వి తప్పుకున్నారు.

తీర్థం రోజున సంధ్య బుంగమూతి పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. కాసేపటికే ఉండబట్టలేక, "ఎడంపక్క, ఒసే, ఎడంపక్క!" అని తన జట్టుకి అరవడం మొదలుపెట్టింది. బరిలో పిల్లలు చేపల్లా జారిపోతున్నారు. రుమాలు ఊడినప్పుడల్లా జనం ఈలలు. అంత చిన్న కాళ్ళలో అంత తెలివుంటుందని నాకా రోజే తెలిసింది.

తీర్థం కమిటీ ప్రెసిడెంటు కామరాజు గారికి మాత్రం మింగుడుపడలేదు. మాస్టారి కుర్చీ దగ్గరికొచ్చి, అందరికీ వినబడేలా అన్నారు. "మీ శిష్యురాలు కన్నకూతుర్ని గట్టు మీద కూర్చోబెట్టి, రుమాళ్ళాట ఆడిస్తోందండీ. అసలు పట్టు ఎప్పుడు పట్టిస్తారేంటి?"

సత్యవేణి విని ఇటు తిరిగింది. మాస్టారు ఆమెని చూస్తూనే, కాలితో చెప్పులు వెతుక్కున్నారు. ఎందుకో, వేసుకోలేదు.

"తాడు మన చేతిలో ఉండగా తొందరేముందండీ" అన్నారు.