పెరుగులోకి ఉంచుకున్న ముద్ద

మధ్యాహ్నం విస్తర్లు ఎత్తే వేళకి గౌరినాయుడు లోలోపల ఉడికిపోయేవాడు. ప్రతి విస్తరి అంచునా ఓ ముద్ద తెల్లన్నం మిగిలేది. పెరుగులోకని అతిథులు పక్కన పెట్టుకున్న ముద్ద అది. అక్కడ పెరుగు ఉండదు.

అది అనంతగిరి కొండల్లో తవిటమ్మగారి విడిది. మూడు పాకలు, ఓ వంటిల్లు, వెనక కూరమడి. నాలుగు రోజులు ప్రశాంతంగా గడపాలనుకునేవాళ్ళు కింది ఊళ్ళనుంచి వచ్చి ఉండేవారు. తవిటమ్మగారు పెద్దగా బోధలు చేసే సన్యాసిని కాదు. ఆవిడ పెట్టిన నియమాలు రెండే. నేలలో మొలిచిందే వండాలి. వండింది పారెయ్యకూడదు.

గౌరినాయుడు అంతకుముందు విశాఖపట్నంలో పెద్ద హోటల్లో వంటవాడు. ఆ ఉద్యోగం వదులుకుని, ఆవిడకి శిష్యుడై కొండెక్కాడు. పనసకాయతో వేటమాంసం రుచి తెప్పించగలడు. ఆ సంగతి ఎదుటివాళ్ళు చెప్పేదాకా ఆగే మనిషి కూడా కాదు. తవిటమ్మగారు మాత్రం రోజూ తిని, "ఉప్పు సరిపోలేదు" అని లేచిపోయేది. అతని వంటింట్లో బీరపొట్టు పచ్చడయ్యేది, గంజి చారులో కలిసేది. మడి పక్క గోతిలోకి పోయేదల్లా ఆ ముద్ద ఒక్కటే. రోజూ గోతి దగ్గర నిలబడి, "తిండి విలువ తెలీని జనం" అని అతిథుల్ని తిట్టుకునేవాడు.

చివరికి పంతం పట్టాడు. వేరుసెనగపప్పు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టాడు. మొదట నీళ్ళలా విరిగింది. తరవాత వాసనేసింది. అయినా వదల్లేదు. ఓ రోజు పొద్దున్న గిన్నె వంచితే కదలనంత గట్టిగా తోడుకుంది. గౌరినాయుడికి కొండంత సంబరమయింది.

ఆ రోజు పంక్తిలో విజయనగరం నుంచి కుటుంబంతో వచ్చిన ముత్యాలరావుగారు ఉన్నారు. తిండి దగ్గర మొహమాటం ఎరగని పెద్దమనిషి.

"పెరుగండి" అంటూ గౌరినాయుడు వడ్డించాడు.

ఆయన కలిపి ఓ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏటి బాబూ ఇది?"

"పెరుగేనండి."

"నా వయసెంతనుకున్నావు? పెరుగేటో నాకు తెల్దా?" అని విస్తరి మడిచేశాడు. కొడుకు వైపు తిరిగి, "సామాన్లు కారులో సర్దీరా. రేపు మజ్జానం బోజనం సేసి ఎల్లిపోదాం" అన్నాడు.

ఆ సాయంత్రం గౌరినాయుడు తవిటమ్మగారి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చింతపండు ఈనెలు తీస్తోంది.

"అమ్మా, నాకింకొన్ని రోజులియ్యండి. తేడా తెలీకుండా చేసి చూపిస్తాను. చెయ్యలేకపోతే ఈ వంటిల్లు ఇంకెవరికైనా అప్పగించీండి. నేను మళ్ళీ హోటలుకి పోతాను." ఆ మాట అంటుంటేనే అతనికి భయమేసింది. "ఎలా చేస్తే వాళ్ళు పెరుగు మరిచిపోతారో ఒక్కటి చెప్పండమ్మా."

ఆవిడ ఈనెలు తీస్తూనే ఉంది.

మర్నాడు తెల్లవారేసరికి ఆవిడ పాకలో లేదు. ఎండ ముదురుతుండగా కర్ర పొడుచుకుంటూ కొండ దిగువనుంచి ఎక్కి వచ్చింది. రెండో చేతిలో ఆకు కప్పిన ముంత ఉంది.

"ముందు నువ్వు తిను" అంది.

గౌరినాయుడు చద్దన్నం, గోంగూర పచ్చడి పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఆవిడ ఎదురుగా చతికిలబడి, అతను తింటుంటే చూస్తూ ఉంది. పచ్చడన్నం అయిపోవచ్చింది. అప్పుడు ముంత మీద ఆకు తీసి, అతని విస్తరి అంచుకి వంచింది.

తెల్లగా, గడ్డగా జారింది.

గౌరినాయుడు ఉలిక్కిపడి విస్తరి వెనక్కి లాక్కున్నాడు. "అమ్మా, ఇది..."

"పెరుగే. గేదె పెరుగు. కింద ఊర్లో అడిగి తెచ్చాను."

"మరి మన నియమం?"

"పారెయ్యకూడదన్నదీ నియమమే. తిను."

అతను విస్తరి వైపు చూశాడు. పెరుగు పడింది ఓ తెల్లన్నం ముద్ద మీద. ఆ ముద్ద తనే పక్కకి తీసి పెట్టుకున్నాడు. ఎప్పుడు పెట్టాడో తెలీదు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

కలిపి తిన్నాడు. వేళ్ళు నాకాడు. విస్తరి తుడిచి మరీ తిన్నాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. సిగ్గుతోనో, రుచితోనో చెప్పడం కష్టం.

"ఎన్నాళ్ళయింది?" అంది ఆవిడ.

"కొండెక్కిన కాణ్ణించీ ముట్టలేదమ్మా."

"మరి నువ్వు ఆళ్ళ ఇస్తళ్ళలో ఎతుకుతున్నదేటి?"

గౌరినాయుడు లేచి చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలో మిగిలిన వేరుసెనగ తోడంతా వంకాయ కూరలో పోసేశాడు. రాత్రి నానేసిన ఉలవలు పొయ్యి మీదికి ఎక్కించాడు.

మధ్యాహ్నం పంక్తి కూర్చుంది. వంకాయ కూర బాగుందని రెండోసారి అడిగి వేయించుకున్నారు. ముత్యాలరావుగారు చివర్లో ఓ ముద్ద అన్నం పక్కకి తీసి, వెటకారంగా తలెత్తాడు.

"ఏదీ, నీ పెరుగు?"

"లేదండి."

"నేదా?"

"ఇక్కడ పెరుగుండదండి. ఉలవచారుంది." గౌరినాయుడు తల దించలేదు, నవ్వలేదు. గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

ముత్యాలరావుగారు అతని మొహంలోకి కాసేపు చూశాడు.

"ఆ ముక్క నిన్ననే సెప్పొచ్చు కదా. పొయ్యి."

ఆ ముద్దలో కలుపుకున్నాడు. జుర్రుకున్నాడు. మళ్ళీ అన్నం పెట్టించుకుని మళ్ళీ పోయించుకున్నాడు. "ఒరే, సామాన్లు దింపీరా. రేపెల్దాం" అని కొడుక్కి కేకేశాడు.

ఆయన కోడలు మాత్రం ముద్ద వదిలేసి లేచింది. ఆవిడకి పెరుగు లేనిదే కుదరదు. గౌరినాయుడు ఆ విస్తరి కూడా ఏమీ గొణక్కుండా ఎత్తాడు.

పంక్తి చివర తవిటమ్మగారు చారు గ్లాసెత్తి ఆఖరి గుక్క తాగి కింద పెట్టింది.

"ఇయ్యాల ఉప్పు సరిపోయింది" అంది.