గుప్పెడు రవ్వ ఖరీదు

మన తాతలకు వాళ్ళ తాతలు చెప్పుకున్న రోజుల్లో, సిరిగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని రణకేసరి మహారాజు ఏలేవాడు. పేరు చూసి భయపడకండి. ఆయన చేసిన యుద్ధాలన్నీ తలపాగాతోనే. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి మూడు మూరలు ఎక్కువ చుట్టించుకుని, గుమ్మం గుమ్మానికీ తగిలించుకుంటూ నడిచేవాడు. మనసు మాత్రం వెన్న. కాకపోతే ఆ వెన్న చుట్టూ బోలెడంత డాబు.

ఆయనకు సంగీతమంటే ప్రాణం. కోటలో చుట్టూ గోడలతో రాతి మంటపం కట్టించి, పదిహేను రోజులకోసారి సాయంత్రం పూట కచేరీ పెట్టించేవాడు. ముత్తసాని పాడేది. ఆమె మేనమామ బయ్యన మృదంగం వాయించేవాడు. లోపలికి రావడానికి ఒక్క కాసు. కుమ్మరివాళ్ళు, నేతగాళ్ళు, గానుగ ఆడేవాళ్ళు, ఆకుకూరలమ్మే ఆడవాళ్ళు చాపల మీద ఇరుక్కుని కూర్చునేవారు. పాట మంచి మలుపు తిరిగితే చాలు, వెనకనుంచి కుమ్మరి సూరమ్మ "అబ్బ, ఏం తిప్పావమ్మా!" అని అరిచేది. ఆ ఒక్క మాట కోసం ముత్తసాని ఇంకో తిప్పు తిప్పేది.

ఒకరోజు ఎవరో రాజుగారి చెవిలో ఊదారు. "ఏలినవారి కచేరీ కాసుకే దొరికితే, దానికీ సంతలో వంకాయలకీ తేడా ఏముంది ప్రభూ?"

అంతే. మర్నాటి నుంచి కచేరీకి పది వరహాలు. చాపలు పోయి నగిషీ కుర్చీలు వచ్చాయి. పైన మఖమలు పందిరి, పక్కన నెమలి ఈకల విసనకర్రలు. వచ్చిన సొమ్మంతా వాటికే సరిపోయింది. పాడేవాళ్ళకు పాత జీతమే.

ఏడాదికి సరిపడా కుర్చీలన్నీ ముందే అమ్ముడుపోయాయి. రాజుగారు మురిసిపోయారు. "చూశారా! ఖరీదు లేనిదానికి విలువ లేదు."

కొన్నవాళ్ళు మొదటి కచేరీకి వచ్చారు, రెండోదానికి సగం మంది వచ్చారు. మూడోదానికి, కుర్చీ మనదే కదా ఎక్కడికి పోతుందని, నౌకర్ల చేత ఉత్తరీయాలు పంపి కుర్చీల మీద వేయించారు. ముత్తసాని ఆలాపన ముగించి తలెత్తితే, ముందు వరసలో తొమ్మిది ఉత్తరీయాలు, ఒక గొడుగు. వచ్చిన నలుగురూ పొలం గట్టు తగాదా మాట్లాడుకుంటున్నారు.

ఎవరి కోసం తిప్పుతుంది పాట? చప్పగా ముగిసింది. అలా మూడు నెలలు గడిచాయి.

రాజుగారు కోప్పడ్డారు. "ముత్తసానీ, నీ గొంతుకు వయసు మీరింది. నా పుట్టినరోజుకు మా బావగారు వస్తున్నారు. ఆ రోజు కచేరీ రక్తి కట్టకపోతే ఆయన ఆస్థానం నుంచి వేరే గాయనిని తెప్పించుకుంటాను. నువ్వూ మీ మామా మూట కట్టుకోండి."

ముత్తసాని తిన్నగా మాచన ఇంటికి వెళ్ళింది. మాచనంటే కొలువులో నవ్వించడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. జీతం నవ్వించడానికే, ఆలోచించడం మాత్రం ఆయన ఊరికే చేసేవాడు.

"అన్నా, నా గొంతు బాగానే ఉంది. ఇంట్లో అంట్లు తోముతూ పాడుకుంటే పక్కింటివాళ్ళు పని ఆపి వింటున్నారు. మంటపంలోకి వెళ్తేనే పాట రావడంలేదు. గొడుక్కి ఎంతసేపని పాడను?"

"గొడుగు తల ఊపిందా?"

"గాలొస్తే ఊపింది."

"అయితే ఉన్నవాళ్ళలో అదే రసికురాలన్నమాట."

కళ్ళు తుడుచుకుంటూనే ముత్తసాని నవ్వింది. "ఈ ఊరు వదిలి పోలేనన్నా. ఎక్కడ పాడినా సూరమ్మ ఉండదు కదా."

మర్నాడు మాచన కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, పుట్టినరోజు కచేరీ ఏర్పాట్లు నాకు అప్పగించండి. అంతా ఏలినవారి కొలతతోనే చేస్తాను. ఖరీదు లేని వస్తువు మంటపంలో కనబడదు."

"ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందోయ్ నీకు!" అని రాజుగారు సంతోషంగా ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం రానే వచ్చింది. తంబురాకు పట్టు గుడ్డ చుట్టారు. మృదంగానికి బంగారు కుచ్చులు కట్టారు. బయ్యన ఓ మూల కూర్చుని, చిన్న గిన్నెలో గోధుమరవ్వ తడిపి ముద్ద చేస్తున్నాడు. కచేరీకి ముందు మృదంగం ఎడమ వైపు మూత మీద ఆ ముద్ద అద్దితేనే గుమ్మని పలుకుతుంది. మాచన వచ్చి గిన్నె లాక్కున్నాడు.

"దీని ఖరీదెంత?"

"ఖరీదేమిటి, నీ మొహం. ఇంట్లోంచి గుప్పెడు తెచ్చా."

"అయితే ఇవాళ వద్దు."

"రవ్వ లేకుండా వాయిస్తే మా గురువు స్వర్గం నుంచి దిగొచ్చి మరీ తంతాడయ్యా!"

"ఒక్క పాటే మామా. ఆ తన్నులేవో నేను తింటాను."

రాజుగారు బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని మీసం దువ్వారు. ముత్తసాని పాట ఎత్తుకుంది. బయ్యన కళ్ళు మూసుకుని, గురువుకు మనసులో దణ్ణం పెట్టుకుని, చెయ్యి వేశాడు. కుడి వైపు బాగానే మోగింది. ఎడమ వైపు మాత్రం ఖాళీ తొట్టిని కొట్టినట్టు డబడబలాడింది.

బావగారు ముందుకు వంగారు. "బావా, మీ మృదంగానికి జలుబు చేసినట్టుందే! కాస్త కషాయం పట్టించరాదూ?"

రాజుగారి మీసం వణికింది. "ఆపండి! ఏమిటా చప్పుడు? బయ్యనా!"

బయ్యన గడ్డంతో మాచనను చూపించాడు.

మాచన గిన్నె పట్టుకుని ముందుకొచ్చాడు. "ప్రభూ, బంగారు కుచ్చులు ఉన్నాయి. పట్టు గుడ్డ ఉంది. తీసేయించింది ఈ గుప్పెడు రవ్వ ఒక్కటే. కాసు కూడా చెయ్యదు. ఏలినవారి కొలతకు అందలేదు."

"ఓరి తెలివితక్కువవాడా! కాసు చెయ్యకపోతే మాత్రం? అది లేకుండా మృదంగం పలుకుతుందా?"

"పలకదా ప్రభూ?"

"పలకదు! కుచ్చులు పీకేసినా అది మృదంగమే. రవ్వ పీకేస్తే ఉత్త చెక్కపెట్టె!"

"ఈ ముక్క తమరి నోట వినాలని మంటపం మూడు నెలలుగా ఎదురుచూస్తోంది ప్రభూ," అన్నాడు మాచన మెల్లగా. "రవ్వ తెప్పించమంటారా?"

"ఇంకా అడుగుతావేం? వెంటనే!"

"దూరం పోనక్కర్లేదు. గోడ అవతలే నిలబడి ఉంది."

భటులు వెనక తలుపు తీశారు. అవతల, గోడకు చెవులానించి ఓ వందమంది. కుమ్మరి సూరమ్మ బోర్లించిన కుండ మీద నిలబడి ఉంది. గానుగ ఆడే మనిషి ఎద్దుతో సహా వచ్చాడు. కచేరీ ఉన్న ప్రతి సాయంత్రం వాళ్ళు అక్కడే ఉన్నారు. లోపల ఇవాళ కూడా కుర్చీలు ఖాళీ, ఎప్పటిలా ఉత్తరీయాలే. అవతల నిలబడ్డానికి చోటు లేదు.

రాజుగారు కుర్చీల మీది ఉత్తరీయాలను చూశారు, గోడను చూశారు.

బావగారు అందుకున్నారు. "బావా, ఈ మాచనను నాకిచ్చెయ్యరాదూ?"

"మాచనను ఇవ్వను, నా రవ్వనూ ఇవ్వను," అని రాజుగారు లేచి నిలబడ్డారు. "ఏమర్రా, చూస్తారేం? లోపలికి రండి!"

సందులేకుండా నిండిపోయింది మంటపం. సూరమ్మ ముందు వరసలో గొడుగును ఎత్తి, "ఎవరిదమ్మా ఇదీ?" అని అటూ ఇటూ చూసి, పక్కన పడేసి కూర్చుంది. బయ్యన ముద్ద అద్ది ఒక్క దెబ్బ వేశాడు. గుమ్మంది. ముత్తసాని గొంతు విప్పింది. మలుపు దగ్గర అందరూ ఊపిరి బిగబట్టారు.

"అబ్బ, ఏం తిప్పావమ్మా!"

ముత్తసాని కళ్ళు చెమర్చాయి. ఇంకో తిప్పు తిప్పింది, ఆ పైన ఇంకోటి. రాజుగారు తల ఊపిన ఊపుకి తలపాగా జారి మూరలకు మూరలు నేల మీద పరుచుకుంది. ఆయనకు తెలియనే లేదు.

పాట అయ్యాక ఆయన మెళ్ళో హారం తీసి ముత్తసాని చేతిలో పెట్టారు. "వయసు మీరింది నీ గొంతుకు కాదమ్మా, నా చెవులకు. నువ్వెక్కడికీ పోవద్దు. ఏమోయ్ మాచనా, నీకేం కావాలి?"

"ముందు వరసల్లో కుర్చీలు అలాగే ఉండనివ్వండి ప్రభూ, ఉన్నవాళ్ళు కొనుక్కుంటారు. ఆ సొమ్ములో సగం పాడేవాళ్ళకు ఇప్పించండి. వెనక మళ్ళీ చాపలు వేయించండి. చాప మీద కూర్చోవాలంటే మనిషికి గుప్పెడు రవ్వ."

"అంత రవ్వ ఏం చేస్తావోయ్?"

"ఒక గుప్పెడు బయ్యన మామకు. మిగతాది కచేరీ అయ్యాక అందరికీ ఉప్మా."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుతోనే సరేనన్నారు.

పదిహేను రోజుల తరువాత, వెనక తలుపు దగ్గర మాచన రవ్వ పోయించుకుంటున్నాడు. వరసలో సూరమ్మ వెనక, తలపాగా లేకుండా ఒక పెద్దమనిషి గుప్పెడు పట్టుకుని నిలబడ్డాడు. చూస్తే రాజుగారు!

"ముందు వరసలో సందడి లేదోయ్," అన్నారు గుసగుసగా.

మాచన ఆ గుప్పిట్లోకి తొంగిచూశాడు. "రవ్వ తక్కువుంది ప్రభూ. వేళ్ళ నిండా ఉంగరాలుంటే దానికి చోటేదీ? తీసి మళ్ళీ పట్టండి."

రాజుగారు పకపకా నవ్వి, ఉంగరాలన్నీ ఊడదీసి మాచన చేతిలో పోశారు. వాటిని మళ్ళీ అడగలేదు. నిండా గుప్పెడు పట్టి, కొలిపించుకుని, లోపలికెళ్ళి సూరమ్మ పక్కన చాప మీద సర్దుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఉప్మాలో ఉప్పు తగ్గిందని అందరికన్నా ముందు అరిచింది కూడా ఆయనేనట.